పన్నెండు ట్రాక్టర్లకు మంచు గొలుసులు

లింబాద్రి బహ్రెయిన్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందు ఆర్మూరు దగ్గర తన ఊళ్లో పదిహేనేళ్లు ట్రాక్టరు తోలాడు, అది మొరాయిస్తే తనే విప్పి బాగుచేసుకున్నాడు. ఇక్కడ సల్మాబాద్‌లో అబూ ఖలీల్ వర్క్‌షాపుకి అతనే హెడ్ మెకానిక్కు. ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడని చుట్టుపక్కల గ్యారేజీల్లో కూడా పేరుంది. అలాంటి మనిషి 1994 నవంబరులో ఒక చిన్న ప్రశ్నకు జవాబు తెలియక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేకపోయాడు.

సంగతేమిటంటే, సముద్రం మీది వంతెన అవతల సౌదీలో గోధుమ సాగు తగ్గించడంతో అక్కడి పొలాల్లో చాలా ట్రాక్టర్లు పని లేక నిలబడిపోయాయి. అబూ ఖలీల్ వాటిలో పన్నెండు కొని తెప్పించాడు. లింబాద్రి మనుషులు నాలుగు నెలలు కష్టపడి వాటిలోని ఇసుకంతా దులిపి, గేర్లు మార్చి, ఎర్రరంగు వేసి కొత్తవాటిలా నిలబెట్టారు. అవి పోవలసింది లెబనాన్ కొండల్లోని ఒక ఊరికి. అబూ ఖలీల్ భార్య ఉమ్మ్ ఖలీల్ పుట్టిన ఊరది. అక్కడి ఆపిల్ రైతులంతా కలిసి కొంటున్నారు. చలికాలంలో ఆ ఊరి దారి మంచులో కూరుకుపోతుంది. ఆ మంచును తోసెయ్యడానికీ, పాలక్యాన్లూ ఆపిల్ పెట్టెలూ కిందికి దించడానికీ వాళ్లకు ట్రాక్టర్లు కావాలి.

రైతుల నుంచి వచ్చిన ఫ్యాక్సు చివర ఇలా ఉంది: “వెనక చక్రాలకు గొలుసులు కూడా పంపండి. జీపు గొలుసుల సంగతే మాకు తెలుసు, ఇంత పెద్ద టైర్లకు ఏవి పనికొస్తాయో తెలియదు. మీ మెకానిక్కు ఏవి మంచివంటే అవే.”

ఆ ఫ్యాక్సును చదివి వినిపించినవాడు శ్రీనివాసరాజు. భీమవరం వైపు మనిషి. ఆఫీసు కాగితాలూ, స్టోరూ అతనే చూస్తాడు. లింబాద్రి కంటే పదేళ్లు చిన్న.

“మీ మెకానిక్కు అంటే మీరేనండి,” అన్నాడు రాజు నవ్వుతూ.

“నేనా? నేను మంచు జూసింది లేదు, గొలుసు జూసింది లేదు,” అన్నాడు లింబాద్రి.

గొలుసులైతే వారంలోనే చూశాడు. దుబాయిలో ఉన్న డీలరు రెండు రకాలు, ఒక్కొక్క జత నమూనాగా పంపాడు. మొదటిది నిచ్చెన లాంటిది. రెండు పొడుగాటి గొలుసుల మధ్య, మెట్లలాగ, జానెడు జానెడు దూరంలో లావుపాటి అడ్డగొలుసులు. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. రెండోది చేపలవల లాంటిది. సన్నగొలుసులు ఏటవాలుగా ఒకదాన్నొకటి కలుసుకుంటూ టైరంతా గళ్లు గళ్లుగా కప్పుతాయి.

అబూ ఖలీల్ వచ్చి మొదటిదాన్ని చెప్పుతో తట్టాడు, రెండోదాన్ని చేత్తో ఎత్తి చూసి వదిలేశాడు. “బలమైన ట్రాక్టరుకి బలమైన గొలుసు. మొదటిదే. వచ్చే గురువారం లోపల ఆర్డరు పంపండి. ఖలాస్,” అని హిందీలో చెప్పి కారెక్కాడు.

అక్కడితో అయిపోవలసింది. కానీ లింబాద్రికి చేతులూరుకోలేదు. జాకీ వేసి ఒక ట్రాక్టరు వెనకచక్రానికి నిచ్చెన గొలుసు తొడిగి, దాని పక్కన కూర్చుని చక్రాన్ని మెల్లగా తిప్పాడు. ట్రాక్టరు టైరు మీద రబ్బరు గట్లు ఎత్తుగా, ఏటవాలుగా ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ అడ్డగొలుసులు జారి ఆ గట్ల మధ్య సందుల్లో పడిపోయాయి. చక్రం కిందికి దించితే నేలకు ఆనింది రబ్బరే. గొలుసు సందులో హాయిగా దాక్కుంది.

“గిదేం లాభం?” అని రాజును పిలిచి చూపించాడు. “నేల గట్టిగుంటే ఈ చైను నేలకే తాకదు. మెత్తగుంటే దిగబడి పట్టుకుంటది. మా దిక్కు కరిగెట దున్నేటప్పుడు టైర్లకు ఇనుప కేజీవీల్స్ కడ్తం. బురద మెత్తగుంటది గాబట్టి అవి నడుస్తయి. మరి మంచు మెత్తగుంటదా, గట్టిగుంటదా?”

రాజు కాస్త ఆలోచించాడు. “నేను చూసింది సినిమాల్లోనేనండి. హీరోయిను చీర కట్టుకుని దొర్లుతుంది కదా. దెబ్బ తగిలినట్టు ఎక్కడా ఉండదు. మెత్తగానే ఉంటుందనుకుంటాను.”

ఇద్దరూ పనివాళ్లుండే క్యాంపు వంటగదికెళ్లి ఫ్రిజ్ పైఅర తెరిచారు. గోడలకు పేరుకున్న తెల్లటి మంచును లింబాద్రి గోటితో గీకాడు. పైపైన పొడిలా రాలింది. లోపల రాయిలా ఉంది. స్క్రూడ్రైవరు తెచ్చి పొడవబోతే వంటమనిషి వద్దని మొత్తుకున్నాడు.

“రెండు తీర్లుగ ఉన్నది,” అన్నాడు లింబాద్రి ఇంకా దిగులుగా.

యజమాని చెప్పినదాన్ని కాదనాలంటే కారణం కావాలి. తనెప్పుడూ చూడని దాని గురించి కారణం ఏం చెబుతాడు? పోనీ అని ఊరుకుందామంటే, ‘మీ మెకానిక్కు ఏవంటే అవే’ అన్న మాట మనసులో మెదులుతోంది. ఎవరో ముక్కూమొహం తెలియని రైతులు తన మాట మీద కొండ ఎక్కుతారు, దిగుతారు. ఆ రెండు రోజులూ అతనికి అన్నం సహించలేదు.

శుక్రవారం సెలవు. అయినా బుదైయాలో అబూ ఖలీల్ ఇంటి తోటలో నీళ్ల మోటారు ఆగిపోయిందని కబురొస్తే లింబాద్రి వెళ్లాడు. ఖర్జూరపు చెట్ల నీడలో మోటారు విప్పుతుంటే, ఆ ఇంట్లో పనిచేసే సత్యదుర్గ టీ, రెండు రొట్టెలు తెచ్చిపెట్టింది. ఆమెది రాజోలు దగ్గర పల్లె. ఆరేళ్లుగా అదే ఇంట్లో వంట, పిల్లల పని చూస్తోంది. తోటలో పనిపడినప్పుడల్లా లింబాద్రితో నాలుగు తెలుగు మాటలు మాట్లాడి వెళ్తుంది.

రొట్టె ముట్టుకోకుండా టీ మాత్రం తాగుతున్న లింబాద్రిని చూసి ఆమె ఆగింది. “ఏంటన్నయ్యగారూ, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?”

“ఏం లేదు చెల్లె. ఒక ఫికరు పట్టుకున్నది,” అన్నాడు. ఆమె పోకుండా నిలబడేసరికి చెప్పక తప్పలేదు. “మంచు మీద నడిచే బండికి చైను ఎంచాలె. నేనేమో మంచే జూడలె. ఎవలనడుగుదామన్నా అందరూ మన తీరోళ్లే, ఎండల పుట్టినోళ్లు.”

“నేను చూసేనండి,” అంది సత్యదుర్గ.

లింబాద్రి గ్లాసు కింద పెట్టాడు. “ఎక్కడ?”

“అమ్మగారి పుట్టింట్లోనండి. పోయిన రెండు చలికాలాలూ పిల్లల్ని చూసుకోడానికి నన్ను కూడా తీసుకెళ్లేరు. నెలేసి రోజులు ఉన్నాం.”

ట్రాక్టర్లు పోవలసిన ఊరే అది. లింబాద్రి చేతులు గుడ్డకు తుడుచుకుని, పక్కనున్న బకెట్టు బోర్లించి ఆమెకు వేశాడు. “కూసో చెల్లె. మొదటి నుంచి చెప్పు. మెత్తగుంటదా, గట్టిగుంటదా?”

“రెండూనండి. పడినప్పుడు బియ్యప్పిండిలా ఉంటది. కాలు మోకాలు దాకా దిగిపోద్ది. మజ్జాన్నం ఎండొస్తే పైన కరిగి చిత్తడి చిత్తడి. తెల్లారేసరికి ఆ చిత్తడి గడ్డకట్టేసి గాజుపలకలా అయిపోద్దండి. చూడ్డానికి తడి రోడ్డులాగే ఉంటది. నేను మొదటిరోజే రొట్టెల బుట్టతో జారి పడ్డాను. రొట్టెలు దొర్లుకుంటూ కింద మసీదు దాకా పోయేయి.”

ఆమె నవ్వింది. లింబాద్రి నవ్వలేదు. “బండ్లు ఎట్ల పోతయి మరి?”

“అదే చెప్తున్నానండి. అమ్మగారి అన్నయ్యకు జీపుంది. దానికి నిచ్చెనలాటి గొలుసు వేసేవోరు. తిన్నగా ఉన్నచోట బానే ఎక్కేది. మలుపు దగ్గరికొచ్చేసరికి ఎనకభాగం పక్కకు జారిపోయేది. ఓసారి కాలవలోకి దిగిపోయింది కూడానండి, పదిమంది లాగేరు. రొట్టెల వ్యానుకి మాత్రం గళ్లగళ్ల గొలుసు. ఆ వ్యాను కోసం నేను రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడేదాన్ని. ఒక్కరోజూ రాకుండా ఉండలేదు. ఇంకోటండి. ఆ డ్రైవరు గొలుసు తొడిగేక నాలుగడుగులు పోయి ఆగేవాడు. దిగి మళ్లీ బిగించేవాడు. అప్పుడే బయల్దేరేవాడు. రోజూ అంతే.”

“మళ్లెందుకు బిగించుడు?”

“అడిగేనండి. మొదట చక్రం తిరిగేక గొలుసు సర్దుకుని వదులవుద్దంట.”

లింబాద్రి రొట్టెలు దగ్గరికి లాక్కున్నాడు. రెండూ తినేశాడు. ఇంకో రెండు ఉన్నాయా అని అడిగి అవీ తిన్నాడు. మోటారు బాగుచేసి క్యాంపుకు వెళ్లేటప్పుడు బస్సులో పక్క సీట్లో ఉన్నవాళ్లకు కూడా, గాజుపలక మీద బండి ఎలా జారుతుందో చేతులతో చూపిస్తూ పోయాడు.

శనివారం పొద్దున్నే రాజుకు అంతా చెప్పాడు. రాజు వెంటనే నమ్మాడు గానీ తల అడ్డంగా ఊపాడు. “మనం నమ్ముతాం. ఆయన నమ్మాలి కదండీ. లావుగా ఉందని ఆయన ముచ్చటపడిపోయేరు.”

“నేను పోయి చెప్త.”

తొమ్మిదేళ్లలో లింబాద్రి యజమాని గదిలోకి తనంత తానుగా వెళ్లడం అదే మొదటిసారి. రాజు కూడా వెనకాలే వెళ్లాడు. లింబాద్రి నిలబడే, తనకొచ్చిన హిందీలో, లావు గొలుసు వద్దన్నాడు. అబూ ఖలీల్ కళ్లద్దాలు తీసి చూశాడు. “నువ్వెప్పుడైనా మంచు చూశావా?”

“లేదు సాబ్. మీ ఇంట్ల ఉన్న ఆమె జూసింది.”

“మా ఇంట్లోనా? ఎవరు?”

“సత్యదుర్గ.”

అబూ ఖలీల్ ఒక్క క్షణం లింబాద్రి వైపు, ఒక్క క్షణం రాజు వైపు చూసి ఇంటికి ఫోను చేశాడు. అవతల ఉమ్మ్ ఖలీల్ ఏమందో వీళ్లకు వినపడలేదు. ఆమె గొంతు మాత్రం టేబులు ఇవతలికి వినిపించింది. ఆయన మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది. ఫోను పెట్టేసి, “నిజమేనట. ఆ ఊళ్లో చలి కాచుకునే పొయ్యి దగ్గర్నుంచి నేను లేచింది ఎప్పుడని అడుగుతోంది మా ఆవిడ. దారి సంగతి ఆ అమ్మాయికే తెలుసట,” అన్నాడు. తర్వాత గంభీరంగా, “అయినా మాటల మీద ఇరవైనాలుగు చక్రాలకు గొలుసులు కొనను. నాకు చూపించు,” అన్నాడు.

“ఏడ చూపియ్యాలె సాబ్? ఈడ మంచు ఏడిది?” అన్నాడు లింబాద్రి.

గది బయటికొచ్చాక రాజు ఉన్నట్టుండి ఆగాడు. “చేపల మార్కెట్టుకి ఐసు ఎక్కడి నుంచి వస్తుందండీ?”

బుధవారం పొద్దున ఏడింటికల్లా ఐసు ఫ్యాక్టరీ లారీ వర్క్‌షాపు ఆవరణలోకి వచ్చింది. సామాన్లు లారీల్లోకి ఎక్కించడానికి అక్కడ సిమెంటు ఏటవాలు ఒకటుంది. దాని మీద తడిపిన గోనెసంచులు పరిచి, వాటి మీద అరవై ఐసుదిమ్మలు దగ్గర దగ్గరగా పేర్చారు. సందుల్లో ఐసుపొడి కూరి, నీళ్లు చల్లారు. చలికాలపు పొద్దు కాబట్టి త్వరగా కరగలేదు. వర్క్‌షాపులో పని మానేసి అందరూ వచ్చారు. పక్క గ్యారేజీల వాళ్లు గోడెక్కి కూర్చున్నారు. పాకిస్తానీ వెల్డరు ఒకాయన ముందుగానే ఒక ఐసుముక్క నోట్లో వేసుకున్నాడు.

అబూ ఖలీల్ కారులో భార్య ఉంది. వెనకసీట్లోంచి సత్యదుర్గ దిగింది. ఆ రోజు ఆమె వస్తుందని లింబాద్రికి తెలియదు. “రమ్మన్నారండి. నేను చూస్తే గానీ కుదరదన్నారు అమ్మగారు,” అంది. ఏటవాలు దగ్గరికెళ్లి చెప్పు విడిచి కాలితో ఐసును తాకి చూసింది. “పొద్దుటి రోడ్డు ఇలాగే ఉంటదండి. ఇదే.”

మొదట గొలుసు లేకుండా నడిపాడు లింబాద్రి. ముందుచక్రాలు ఐసెక్కాయి. వెనకచక్రాలు ఐసు తగలగానే అక్కడే గిర్రున తిరిగాయి. బండి ఒక్క గజం కూడా పోలేదు. గోడ మీదివాళ్లు ఈలలు వేశారు.

తర్వాత నిచ్చెన గొలుసు. ట్రాక్టరు గుర్రుమంటూ సగం ఏటవాలు ఎక్కింది. అబూ ఖలీల్ మెచ్చుకోలుగా చూస్తుండగానే బండి ఆగిపోయినట్టయింది. అడ్డగొలుసులన్నీ గట్ల సందుల్లోకి పోయాయి. రబ్బరు మాత్రం ఐసుకు ఆనింది. వెనకభాగం తాపీగా, ఏ తొందరా లేకుండా, ఎడమవైపుకు జారింది. లింబాద్రి స్టీరింగు ఎంత తిప్పినా లాభం లేకపోయింది. ఏటవాలు పక్కన పేర్చిన ఖాళీ నూనె డ్రమ్ములను గుద్దుకుని ఆగింది. ఒక డ్రమ్ము దొర్లుతూ యజమాని కాళ్ల దాకా వెళ్లింది. ఆయన తప్పుకుని భార్య వైపు చూశాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“మలుపులో జీపు సరీగ్గా ఇలాగే పోయిందండి,” అంది సత్యదుర్గ.

చెదిరిన దిమ్మలు సర్ది, వల గొలుసు తొడిగేసరికి ఎనిమిదయింది. లింబాద్రి ఉత్సాహంలో బండెక్కి గేరు వేశాడు. పది అడుగులు పోగానే వెనకనుంచి తటతటమని చప్పుడు. వదులైన గొలుసు మడ్‌గార్డుకు కొట్టుకుంటోంది.

“అన్నయ్యగారూ, ఆపండి,” అని గట్టిగా కేకేసింది సత్యదుర్గ. “నాలుగడుగులయ్యేక బిగించాలని చెప్పేను కదండీ.”

లింబాద్రి దిగి నాలుక కరుచుకున్నాడు. కింద కూర్చుని గొలుసు బిగిస్తూ మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. రెండు వేళ్ల సందు మాత్రమే ఉంది. పన్నెండింటిలో నాలుగు ట్రాక్టర్లకు ఇంతే ఉంటుందని అతనికి గుర్తు. “రాజు సార్, రాసుకో. నాలుగు బండ్లకు వెనక చక్రాలు బయటికి జరపాలె. లేకుంటే చైను తాకి రేకు తెగుతది.”

ఈసారి ట్రాక్టరు ఏటవాలెక్కింది. సగంలో లింబాద్రి కావాలనే బ్రేకు వేశాడు. బండి ఆగింది, జారలేదు. మళ్లీ కదిలించాడు. స్టీరింగు కుడికి కోసి, ఎడమకు కోసి, పైకంటా వెళ్లి నిలబెట్టాడు. చక్రాల కింద ఐసు పెళపెళమని పగిలి ముక్కలు ఎగిరాయి. కిందికి రావడమే కష్టమని అతనికి తెలుసు. రివర్సు గేరులో మెల్లగా, ఒక చేత్తో సీటు పట్టుకుని వెనక్కి చూస్తూ దించాడు. తిన్నగా దిగింది.

గోడ మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. అబూ ఖలీల్ వచ్చి వల గొలుసు గళ్లల్లో వేలు పెట్టి చూశాడు. “ఇది సన్నగా ఉంది,” అన్నాడు.

“సన్నగున్నా టైరు మీద ఎప్పుడూ నాలుగైదు గళ్లు నేలకు ఆనే ఉంటయి సాబ్. గట్ల మధ్యల పడటానికి దానికి సందు దొరకదు. పక్కకు జారకుండ ఏటవాలు గొలుసు అడ్డుకుంటది.”

“యల్లా, ఇదే పంపండి,” అన్నాడు ఆయన. తర్వాత సత్యదుర్గ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు. ఆమె అరబ్బీలోనే జవాబిచ్చింది. ఆయన పెద్దగా నవ్వాడు.

“ఏమన్నడు?” అని లింబాద్రి తర్వాత అడిగాడు.

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదన్నారండి. మీరు అడిగితే కదండీ అన్నాను.”

మిగిలిన ఐసును క్యాంపు వాళ్లు బకెట్లలో పట్టుకుపోయారు. ఆ రోజు మధ్యాహ్నం సల్మాబాద్‌లో ఆ చుట్టుపక్కల మజ్జిగ తాగనివాడు లేడు.

ఆర్డరు వెళ్లింది. డిసెంబరు మూడోవారంలో గొలుసులొచ్చాయి. నాలుగు ట్రాక్టర్ల చక్రాలను బయటికి జరిపి, ఒక్కొక్క దానికీ గొలుసు తొడిగి సరిచూసి, విప్పి సంచుల్లో కట్టారు. ఎలా తొడగాలో రాజు బొమ్మలు గీశాడు. ఆదివారం ఉమ్మ్ ఖలీల్ సత్యదుర్గను ఆఫీసుకు పంపింది. ఆ ఊరి వాళ్లు మాట్లాడే అరబ్బీలో ఏ బొమ్మ కింద ఏం రాయాలో ఆమె చెబుతుంటే గుమాస్తా ఒకాయన రాశాడు. ‘నాలుగడుగులు పోయి ఆగండి, బిగించండి’ అన్నది మూడుచోట్ల పెద్ద అక్షరాలతో రాయించింది. పన్నెండు ట్రాక్టర్లూ ఓడెక్కిన రోజు రేవు దగ్గర లింబాద్రి ఒక్కొక్క బానెట్టు మీదా చెయ్యి వేసి పంపాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక వీడియో క్యాసెట్టు వచ్చింది. ఆపిల్ రైతులు తీసి పంపారు. ఉమ్మ్ ఖలీల్ దాన్ని తనే వర్క్‌షాపుకు తెచ్చింది, సత్యదుర్గ కూడా వచ్చింది. క్యాంటీనులో టీవీ పెట్టారు. మధ్యాహ్నం డ్యూటీ విరామంలో అందరూ అన్నం కంచాలతో కూర్చున్నారు. తెర మీద కొండ, ఇళ్లు, చెట్లు అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎర్రటి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వంపు తిరిగి ఎక్కుతున్నాయి. ముందరిది రేకుతో మంచును పక్కకు తోస్తోంది, వెనకవాటి ట్రాలీల మీద పాలక్యాన్లు, ఒకదాని మీద టోపీలు పెట్టుకున్న బడిపిల్లలు. ఒక ముసలాయన కెమెరా వైపు చెయ్యి ఊపి, అరబ్బీలో బహ్రెయిన్ మెకానిక్కుకీ, రొట్టెల కోసం రోజూ గుమ్మంలో నిలబడే ‘హిందీ’ అమ్మాయికీ, అంటే ఇండియా అమ్మాయికీ, సలాములు చెప్పాడు.

సత్యదుర్గ చీర కొంగు సర్దుకుంది. “ఆయనే రొట్టెల వ్యాను డ్రైవరండి,” అంది మెల్లగా. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మొహమంతా నవ్వే.

అందరూ మంచు చూస్తున్నారు. లింబాద్రి మాత్రం టీవీకి మరీ దగ్గరగా జరిగి చక్రాలనే చూస్తున్నాడు. “జెర వెనక్కి తిప్పు,” అన్నాడు. తిప్పారు. “ఆపు. రాజు సార్, నాలుగో బండికి ఎడమ చక్రం జూడు. చైను కొక్కేలు లోపలికి తిరిగున్నయి. అట్ల తొడిగితే రబ్బరు కోసుకపోతది. బయటికి తిరిగుండాలె.”

“అబ్బా, ఇప్పుడు కూడానా అండీ,” అన్నాడు రాజు. అంటూనే కంచం పక్కన పెట్టి జేబులోంచి కలం తీశాడు.

సాయంత్రం లోపలే ఫ్యాక్సు వెళ్లింది. మర్నాడు జవాబొచ్చింది. కొక్కేలు తిప్పేశామనీ, టైరుకు గీత మాత్రమే పడిందనీ, వచ్చే చలికాలం మెకానిక్కును పది రోజులు తమ ఊరికి పంపితే ఆపిల్‌పండ్లు తినిపిస్తామనీ రాశారు. రాజు చదివి వినిపించాక లింబాద్రి ఆ కాగితాన్ని తీసుకుని బుదైయా వెళ్లే బస్సెక్కాడు. ఆ ఊళ్లో చలికి ఎన్ని జతల సాక్సులు వేసుకోవాలో సత్యదుర్గను ముందే అడిగి పెట్టుకుందామని.